కదలిక నేర్పే వైద్యం

చార్మినార్ నుంచి పడమటి దిక్కుకు సాగే లాడ్ బజారులో గాజుల తళుకును చూసి నిలిచిపోని యాత్రికుడు ఉండడు. ఆ గాజులను తయారుచేసే చేతులను చూసినవారు మాత్రం తక్కువ. బజారు వెనుక సందులలో, చిన్న గదులలో, కుంపటి ముందు నేలమీద కూర్చొని పనివారు లక్కను వేడిచేసి, సాగదీసి, వలయంగా చుట్టి, అది చల్లారిపోకముందే సన్నని రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు గాజుది. గంటల తరబడి మెడ వంచి కూర్చున్నందువల్ల పనివారి వెన్నుకు, వేళ్ళకు కలిగే బాధ వారి ఇంటి గోడలు దాటి బయటకు రాదు.

పాతబస్తీలో ఇటువంటి వృత్తులు ఇంకా ఉన్నాయి. మిఠాయిలమీద, తాంబూలంమీద అద్దే వెండి రేకును వరఖ్ అంటారు. చిన్న చిన్న వెండి ముక్కలను పొరల మధ్య పేర్చి, తోలు సంచిలో బిగించి, రాతిమీద పెట్టి సుత్తితో గంటల తరబడి కొడితే గాని ఆ రేకు సిద్ధం కాదు. కొట్టేవారి సంఖ్య నానాటికి తగ్గిపోతున్నా, ఆ సుత్తి దెబ్బల లయ కొన్ని సందులలో నేటికీ వినిపిస్తుంది. కార్చోబ్ చట్రానికి బిగించిన బట్టమీద జరీ పని చేసేవారు కాళ్ళు మడిచి కూర్చొని, వంగి, సూదిని ఆడిస్తూ ఉంటారు. వీరందరికీ శరీరమే పనిముట్టు. అది మొరాయించిన రోజున కూలి ఉండదు. మోకాలి నొప్పి ఉద్యోగికి సెలవు చీటీతో తీరవచ్చు. దినకూలీకి అది పొయ్యిమీది కుండకు సంబంధించిన విషయం.

కండరాలు, కీళ్ళు, నరాల బలహీనతవల్ల కదలిక తగ్గినవారికి వ్యాయామం, స్పర్శ, వేడి, చలువ, విద్యుత్తు వంటి భౌతిక సాధనాలతో చేసే చికిత్సయే ఫిజియోథెరపీ. ఇందులో మందు బిళ్ళలకు, కత్తికి చోటు లేదు. 1813లో స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ స్థాపించిన వ్యాయామ విద్యాలయం ఈ శాస్త్రానికి ఒక మూలం. 1894లో ఇంగ్లండులో నలుగురు నర్సులు కలిసి ఏర్పరచుకొన్న సంఘం మరొక మూలం. ప్రపంచయుద్ధాలలో అవయవాలు దెబ్బతిన్న సైనికులు, తరువాత పోలియో సోకిన పిల్లలు ఈ వైద్యం అవసరాన్ని లోకానికి తెలియజేశారు. మన దేశంలో ఫిజియోథెరపీ విద్య 1950ల తొలినాళ్ళలో బొంబాయిలో ఆరంభమైంది. అందుకూ పోలియోయే కారణం. హైదరాబాదులో పంజగుట్ట వద్ద నిజాం ట్రస్టు నిధులతో నిర్మితమైన ఎముకల ఆసుపత్రి 1964లో ప్రారంభమైంది. అదే తరువాతి కాలంలో నిమ్స్‌గా రూపొందింది. 2014లో భారతదేశం పోలియో రహిత దేశంగా ప్రకటితమైంది. పిల్లల కాళ్ళకోసం పుట్టిన శాస్త్రం నేడు ఎక్కువగా పెద్దల మోకాళ్ళకు, నడుములకు పనికివస్తున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కండరాల, ఎముకల, కీళ్ళ బాధలతో జీవిస్తున్నవారు ప్రపంచంలో దాదాపు 171 కోట్లమంది. మోకాళ్ళు మొదలైన కీళ్ళు అరిగే వ్యాధి ఒక్కటే 2019 నాటికి 52 కోట్ల 80 లక్షలమందికి ఉన్నది. వారిలో సుమారు 60 శాతం స్త్రీలు. పాతబస్తీలోని ఏ ఇరుకు ఇంటి మెట్లనైనా ఒకసారి ఎక్కి చూస్తే ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. స్థలం చాలక ఇళ్ళు పైకి పెరిగాయి. మెట్లు నిటారుగా మారాయి. నీళ్ళ బిందెతో, బియ్యం మూటతో రోజుకు పదిసార్లు వాటిని ఎక్కి దిగేది ఇంటి ఇల్లాలే. దిగేటప్పుడు మోకాలిమీద పడే భారం సమతలంమీద నడిచేటప్పటి భారంకంటే చాలా ఎక్కువ. అందుకే మోకాలి రోగి ఎక్కడంకంటె దిగడానికి ఎక్కువ భయపడుతుంది.

“మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, ఇక నడవకూడదు” అనే మాట పాతబస్తీలోనే కాదు, తెలుగునాట అంతటా వినిపిస్తుంది. మాటలో సగం నిజం ఉన్నది. ఎముకల కొనలను కప్పి ఉంచే మెత్తని, నునుపైన పొరను మృదులాస్థి అంటారు. జనవాక్యంలోని గుజ్జు ఇదే. దీనికి రక్తనాళాలు లేవు. మరి ఆహారం ఎట్లా అందుతుంది? కీలులో ఉండే జిగురు ద్రవంనుంచే అందుతుంది. కాలు మోపినప్పుడు ఆ పొర నొక్కుకుపోయి వ్యర్థాలను బయటకు వదులుతుంది. కాలు ఎత్తినప్పుడు స్పంజివలె ఉబ్బి కొత్త ద్రవాన్ని పీల్చుకొంటుంది. కదలిక ఆగితే ఆహారమూ ఆగుతుంది. నడిస్తే గుజ్జు అరుగుతుందని మంచం పట్టిన మనిషి నిజానికి ఆ గుజ్జును పస్తు పెడుతున్నట్లే. అంతేకాక, తొడ ముందుభాగంలోని కండరం కొద్ది వారాల విశ్రాంతికే సన్నబడిపోతుంది. మోకాలిమీద పడే అదురును ఆపవలసిన కండరమే బలహీనమైతే, భారమంతా కీలుమీదనే పడుతుంది. నొప్పి పెరుగుతుంది, నొప్పివల్ల కదలిక ఇంకా తగ్గుతుంది.

ఈ వలయాన్ని తెంచడానికి థెరపిస్టు నేర్పే మొదటి వ్యాయామం చూడడానికి చాలా అల్పంగా ఉంటుంది. కాళ్ళు చాపి కూర్చొని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని మోకాలితో కిందికి అదిమి, ఐదారు సెకన్లు నిలిపి వదలాలి. ఇట్లా పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. కొన్నాళ్ళకు కాలును నిటారుగా ఎత్తడం, కుర్చీలోనుంచి చేతుల ఆసరా లేకుండా లేవడం నేర్పుతారు. ఫలితం కనిపించడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. శరీరం బరువు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలిమీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. చేతికర్ర పట్టుకొనేవారు నొప్పి ఉన్న కాలివైపు కాక, రెండవ చేతితో పట్టుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక ఏళ్ళ తరబడి తప్పు చేతితో కర్ర పట్టేవారు ఎందరో!

నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, మోకాళ్ళమీద వంగి నమాజు చేయడం పాతబస్తీ జీవితంలో భాగాలు. వీటిని మానివేయమని ఒక్క మాటతో చెప్పే వైద్యుని సలహా ఎవరికీ పనికిరాదు. అనారోగ్యం కలిగినవారు కూర్చొని ప్రార్థన చేయడానికి ఇస్లాం ధర్మం అనుమతిస్తుంది. బాధ తీవ్రంగా ఉన్న రోజులలో కుర్చీలో కూర్చోమని, కండరాలు బలపడిన తరువాత మెల్లగా నేలమీదికి రమ్మని చెప్పే థెరపిస్టు మాటను రోగులు మన్నిస్తారు. ఎండ సోకని ఇళ్ళలో ఉండేవారికి విటమిన్ డి లోపం ఉండడం కద్దు. ఎముకలే మెత్తబడి నొప్పిపెడుతున్నప్పుడు వ్యాయామం ఒక్కటే చాలదు. రక్తపరీక్ష, మందు తప్పనిసరి.

సుత్తి పట్టేవారి బాధ వేరు. మణికట్టును పైకి ఎత్తే కండరాల స్నాయువులన్నీ మోచేతి బయటి వైపున ఒక చిన్న ఎముక మొనకు అతుక్కొని ఉంటాయి. పదేపదే దెబ్బ కొట్టినప్పుడు ఆ అతుకు వద్ద సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. స్నాయువులకు రక్తప్రసారం తక్కువ కనుక అవి త్వరగా మానవు. ఈ వ్యాధికి వైద్యగ్రంథాలలో టెన్నిస్ ఎల్బో అని పేరు. జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టని వరఖ్ పనివానికి ఆ పేరు చెబితే అతడు నవ్వుకోవడంలో వింత లేదు. దీనికి మంచి వ్యాయామం ఒకటున్నది. అరలీటరు నీళ్ళ సీసాను, అరచేయి నేలవైపు ఉండేటట్లు పట్టుకొని, రెండవ చేతి సాయంతో మణికట్టును పైకి ఎత్తి, ఆ సాయం వదలి చాలా నెమ్మదిగా కిందికి దించాలి. ఎత్తడంకంటె దించడమే ఇక్కడ చికిత్స. రాళ్ళు పొదిగేవారికి, జరీ పనివారికి మరొక చిక్కు. మణికట్టులోని ఇరుకు దారిలో నరం నొక్కుకొనిపోయి, రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఆ తిమ్మిరి రాదు, ఎందుకంటే దాని నరం వేరు. రాత్రులు మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కట్టుకొంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. నిర్లక్ష్యం చేస్తే బొటనవేటి మొదటి కండ కరిగిపోయి, సూది పట్టు తప్పుతుంది. జరీ పనివానికి అంతకంటె నష్టం లేదు.

మధుమేహం ఉన్నవారికి భుజం బిగుసుకొనిపోయే వ్యాధి ఎక్కువగా వస్తుంది. చేయి పైకి లేవదు. తల దువ్వుకోవడం కష్టమవుతుంది. ఇది తగ్గడానికి ఏడాది, రెండేళ్ళు, ఒక్కొక్కసారి మూడేళ్ళు కూడా పట్టవచ్చు. ముందుకు వంగి చేతిని లోలకంవలె ఊపడం, గోడమీద వేళ్ళతో పాకించడం దీనికి వ్యాయామాలు.

పాతబస్తీకి ఫిజియోథెరపీ కొత్త కావచ్చు గాని, ఒంటిని చేతితో నయం చేయడం కొత్త కాదు. కుస్తీ నేర్పే తాలీమ్‌లలో పహిల్వాన్ ఉస్తాదులు బెణికిన కీళ్ళను మర్దన చేసి సరిచేసేవారు. చార్మినార్ పక్కనే ఉన్న ప్రభుత్వ నిజామియా యునానీ ఆసుపత్రి సంప్రదాయంలో దలక్ అనే మర్దనకు, హిజామా అనే పద్ధతికి, రియాజత్ అనే వ్యాయామానికి స్థానం ఉన్నది. పదకొండవ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ సీనా ఆరోగ్య రక్షణలో వ్యాయామానికి పెద్దపీట వేశాడు. ఈ వారసత్వాన్ని తీసిపారవేయడం తగదు. అయితే విరిగిన ఎముకకు తెలియక బిగించి కట్టిన కట్టు రక్తప్రసారాన్ని ఆపి, చేతినే పోగొట్టిన సందర్భాలు వైద్యులకు తెలుసు. కట్టు కట్టిన తరువాత వేళ్ళు చల్లబడి, నీలంగా మారి, స్పర్శ తగ్గితే గంటలు కూడా ఆలస్యం చేయరాదు. అట్లే నడుము నొప్పితోపాటు మూత్రంమీద అదుపు తప్పడం, కాళ్ళు మొద్దుబారడం, జ్వరం రావడం వంటి లక్షణాలు ఉన్నవారు మర్దనకు గాని, వ్యాయామానికి గాని పోక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

అటువంటివారు చేరే చోటు తరచుగా ఉస్మానియా ఆసుపత్రియే. పాతబస్తీనుంచి మూసీనదిమీది నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో అది కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలలో పాత ఆసుపత్రి ధ్వంసమైన తరువాత ఏడవ నిజాం కాలంలో ఆ మహాభవనం లేచింది. 2020 జూలైలో వాన నీరు వార్డులలోకి చేరడంతో చారిత్రక భవనాన్ని ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

పెద్ద ఆసుపత్రిలో చికిత్స చౌకగా దొరికినా, వారానికి మూడు రోజులు వెళ్ళిరావడం దినకూలీకి మూడు రోజుల కూలి పోవడమే. అందువల్ల నొప్పి కొంచెం తగ్గగానే రోగి రావడం మానివేస్తాడు. ఫిజియోథెరపీ అనే మాటకు జనం పెట్టుకొన్న పేరు “కరెంటు పెట్టించుకోవడం”. తీగలు అతికించి, మీట నొక్కి, పావుగంట పడుకోబెట్టే యంత్రం నొప్పిని కాసేపు మరపిస్తుంది. కండరానికి బలం ఇవ్వదు. యంత్రానికి డబ్బు చెల్లించి, వ్యాయామం నేర్చుకోకుండా ఇంటికి పోయే రోగి సగం చికిత్సకు పూర్తి మూల్యం ఇచ్చినవాడు. రోగిని రోజూ రప్పించుకొనేవాడికంటె, నాలుగు వ్యాయామాలు చక్కగా నేర్పి పదిరోజుల తరువాత రమ్మని చెప్పేవాడే ఈ వృత్తిలో నిపుణుడు. “ఘుట్నా మోడో, ధీరే” అని రోగి భాషలో చెప్పగలిగితే మరీ మంచిది. అందుకే ఇతర జిల్లాలనుంచి ఇక్కడికి వచ్చి పనిచేసే తెలుగు థెరపిస్టుకు కొద్దిపాటి దక్కనీ ఉర్దూ ఎంతో అవసరం.

నడుము నొప్పి విషయంలోనూ శాస్త్రం తన పాత అభిప్రాయాన్ని మార్చుకొన్నది. ఒకప్పుడు వారాల తరబడి మంచంమీద పడుకోమనేవారు. సాధారణమైన నడుము నొప్పికి అది మేలుకంటె కీడే చేస్తుందని తరువాత తేలింది. ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకొంటూ ఉండడమే నేటి సలహా. స్కానింగు చిత్రంలో డిస్కు కొద్దిగా ఉబ్బినట్లు కనిపించగానే బెంబేలు పడనవసరం లేదు. ఏ నొప్పీ లేని పెద్దలలోనూ అటువంటి ఉబ్బు తరచుగా కనిపిస్తుంది.

2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఫిజియోథెరపిస్టులు సహా అనేక అనుబంధ వైద్య వృత్తులకు ఒక జాతీయ కమిషన్ ఏర్పడింది. ఈ వృత్తిలో ప్రవేశానికి బి.పి.టి. పట్టా అవసరం, ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు అందులో చేరవచ్చు. శరీర నిర్మాణ శాస్త్రంతోపాటు భౌతికశాస్త్రంలోని తులాదండాల సూత్రం కూడా వారికి నిత్యం పనికివస్తుంది. మెడ ఎంత ముందుకు వంగితే దాని వెనుక కండరాలు తలను నిలపడానికి అంత ఎక్కువగా లాగవలసి ఉంటుంది. గాజుల పనివాని పీటను నాలుగంగుళాలు ఎత్తు చేసి, పనిబల్లను ఛాతీ దగ్గరకు తెచ్చి, అరగంటకు ఒకసారి లేచి నిలబడమని చెబితే, ఖర్చు లేకుండానే ఆ లాగుడు తగ్గుతుంది. దర్జీకి సూది దారంవలె, థెరపిస్టుకు కొలత టేపు కూడా ఒక పరికరమే. రోగి ఇంటి మెట్ల ఎత్తును, కుంపటి దూరాన్ని దానితోనే కొలుస్తాడు.