పాట తెగకుండా వినిపించాలంటే ప్రాసెసర్‌లో ఏం చూడాలి?

విజయనగరం సంగీతానికి పేరుపడ్డ ఊరు. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. ఇవాళ విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా ఒక గది, నాలుగు మైకులు, ఒక కంప్యూటర్ ఉంటే జముకుల కథనో, తప్పెటగుళ్ల పాటనో మనమే రికార్డు చేసుకోవచ్చు. అయితే కంప్యూటర్ కొనేటప్పుడు చాలామంది గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూస్తారు. ఆడియో పనికి అది చాలదు.

ధ్వనిని మామూలుగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలు కట్టలు కట్టలుగా ప్రాసెసర్‌కు అందుతాయి. ఈ కట్టనే బఫర్ అంటారు. 128 అంకెల బఫర్ అయితే ప్రాసెసర్‌కు దొరికే గడువు సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఆలోగా పని ముగించకపోతే టప్పుమని చప్పుడొచ్చి పాట తెగుతుంది. తాళం వేసేవారికి ప్రతి దెబ్బా దాని చోట పడాల్సిందే. మొత్తం మీద సరిపోయిందంటే కుదరదు. ఇదీ అంతే. బఫర్ పెంచితే గడువు పెరుగుతుంది కానీ, పాడేవారికి హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపించి లయ చెదురుతుంది.

గిగాహెర్ట్జ్ అంకె ఎందుకు చాలదో ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 4 చరిత్ర చెబుతుంది. దాని వేగం 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. అందుకోసం 2004 నాటి రకంలో ఒక్కో ఆదేశాన్ని 31 అంచెలుగా విడగొట్టారు. తర్వాత ఏం చేయాలన్న ప్రాసెసర్ అంచనా తప్పితే ఆ అంచెల్లోని పనంతా పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. 2006లో వచ్చిన కోర్ 2 డుయోలో అంచెలు 14కు తగ్గాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే అది పెంటియం 4ను దాటేసింది.

పెంటియం 4కు మరో చిక్కుంది. పాట ఆగాక ప్రతిధ్వని మెల్లగా సన్నగిల్లుతుంది కదా, అప్పుడు అంకెలు సున్నాకు మరీ దగ్గరవుతాయి. వీటిని డీనార్మల్స్ అంటారు. వాటిని లెక్కించడానికి ఆ ప్రాసెసర్ మామూలు కంటే ఎన్నో రెట్లు సమయం తీసుకునేది. అందుకే నిశ్శబ్దం దగ్గరపడుతుండగా కంప్యూటర్ ఆయాసపడేది. తర్వాత సాఫ్ట్‌వేర్ రచయితలు ఆ అంకెలను సున్నాగా తీసుకోమని చెప్పి సర్దుకున్నారు.

ఒకేసారి ఎన్ని అంకెలు లెక్కించగలదన్నది ఇంకో తేడా. 1999లో పెంటియం 3తో ఒక్క ఆదేశంతో నాలుగు అంకెలు లెక్కించే వీలొచ్చింది. 2011 నుంచి అది ఎనిమిదైంది. ప్రతిధ్వని, ఈక్వలైజర్ లాంటివన్నీ ఇలాంటి లెక్కలే కాబట్టి ఈ మార్పు ఆడియోకు సూటిగా పనికొచ్చింది.

ఇక ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలైన కోర్ల సంగతి. గొంతు ఒక కోర్‌లో, జముకు ఒక కోర్‌లో నడవొచ్చు. కానీ ఒకే గొంతుకు వరుసగా పెట్టిన ఎఫెక్ట్‌లు ఒకదాని తర్వాత ఒకటిగానే సాగాలి. అక్కడ కోర్ల సంఖ్య ఆదుకోదు, ఒక్కో కోర్ సత్తువే ఆదుకుంటుంది. 2020 నాటి ఆపిల్ ఎం1లోనూ, 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు చాలావాటిలోనూ పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటాయి. గడువున్న పని చిన్న కోర్‌కు పడితే కొత్త కంప్యూటర్‌లోనూ పాట తెగవచ్చు.

పాత కంప్యూటర్ ఉందని రికార్డింగ్ మానక్కర్లేదు. మైకు ధ్వనిని రికార్డింగ్ కోసం కంప్యూటర్‌కు పంపుతూనే, పాడేవారికి మాత్రం కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపించే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే పాత ప్రాసెసరే చాలు. మిక్సింగ్‌లో బఫర్‌ను 1024కు పెంచండి, పని పూర్తయిన ట్రాక్‌లను ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్ట్‌లను మళ్లీ మళ్లీ లెక్కించకుండా ఫలితాన్ని భద్రపరచండి. కొత్తది కొనేటట్టయితే మీ పాటనే ఆ యంత్రంలో 128 బఫర్‌తో చివరి ప్రతిధ్వని ఆగేదాకా వినిపించమని అడగండి. పల్లెల్లో పాడేవారి గొంతులు ఇప్పుడే భద్రపరచాలి. ఖరీదైన యంత్రం వచ్చేదాకా ఆ పని ఆపకూడదు.