కళ్లలో నీళ్లు... పుల్లకా, బిల్లుకా?

ముక్కులో పుల్ల పెట్టించుకున్న కరోనా రోజులు గుర్తున్నాయా? కళ్లలో నీళ్లు తిరిగింది పుల్ల గుచ్చుకునా, బిల్లు చూసా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదనే! ఆ బిల్లు వెనక దాక్కున్న వింతలు కొన్ని పోగేశాను. మీకు తెలుసా?

● 2020 మార్చిలో కేంద్రం ప్రైవేటు ల్యాబుల్లో ఆర్‌టీపీసీఆర్ పరీక్షకు పెట్టిన గరిష్ఠ ధర రూ. 4,500. తొలి వడపోతకు 1,500, నిర్ధారణకు 3,000! అదే పరీక్ష 2022 జనవరికి ఢిల్లీలో ఎంతకు దిగిందో చెప్పుకోండి చూద్దాం. రూ. 300! అంటే పదిహేనో వంతు. 2020 మొదట్లో దేశం మొత్తానికీ పుణెలోని వైరాలజీ సంస్థ ఒక్కటే దిక్కు. జూన్ నెలాఖరుకే ల్యాబులు వెయ్యి దాటాయి, కిట్లు మన దగ్గరే తయారయ్యాయి. ఇక ధర దిగక ఏం చేస్తుంది?

● ఒకప్పుడు ప్రైవేటు ల్యాబులో కూడా ఈ పరీక్ష అందరికీ ఉచితం. అయితే ఆ ముచ్చట ఐదు రోజులే! 2020 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దంది; 13న ఆ ఉత్తర్వును సవరించి, ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులకూ, ప్రభుత్వం గుర్తించిన పేదలకూ మాత్రమే ఉచితమంది.

● ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ల్యాబు, ఒకే పరీక్ష, రెండు ధరలు! ప్రభుత్వం పంపిన శాంపిల్‌కు రూ. 475, మనంతట మనం వెళ్తే రూ. 499. తేడా 24 రూపాయలు. ఆ 499 ఏమిటో, చెప్పుల షాపులో బాటా రేటులా! తర్వాత 2022లో అది 350కి దిగింది.

● ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటే ఎంత? తెలంగాణలో 2020 జూన్‌లో ల్యాబుకు వెళ్తే రూ. 2,200, ఇంటికి పిలిస్తే రూ. 2,800. డిసెంబరుకు ఇవి 500, 750 అయ్యాయి. అంటే ఒక మనిషి మన గుమ్మం తొక్కినందుకు తీసుకునే రుసుము కూడా ఆరు నెలల్లో 600 నుంచి 250కి పడిపోయింది! పెట్రోలు ధర మాత్రం ఎక్కడా తగ్గినట్టు లేదే?

● ఇది పిల్లలకు. పీసీఆర్ యంత్రం ఒక్కో విడతలో జన్యుపదార్థాన్ని రెట్టింపు చేస్తుంది. మన దేశంలో పాజిటివ్‌కు హద్దుగా పెట్టుకున్నది 35 విడతలు. ఒక్క ముక్కతో మొదలుపెడితే 35 విడతలకు ఎన్ని అవుతాయి? ఊహించారా? లెక్క ప్రకారం 3,435 కోట్ల 97 లక్షల 38 వేల 368! పరీక్షకు రూ. 350 అనుకుంటే రూపాయికి తొమ్మిది కోట్ల 81 లక్షల నకళ్లన్నమాట. మా వీధి చివరి జిరాక్స్ షాపులో ఒక్క కాగితానికే రెండు రూపాయలు!

● ఇంతటి యుక్తి కనిపెట్టినాయనకు ఎంత ముట్టింది? అమెరికా శాస్త్రవేత్త కేరీ మల్లిస్‌కు 1983లో ఒక రాత్రి కారు నడుపుతుండగా పీసీఆర్ ఆలోచన తట్టింది. ఆయన పనిచేసే కంపెనీ ఇచ్చిన బోనస్ పది వేల డాలర్లు. 1991లో ఆ కంపెనీ పీసీఆర్ హక్కులు అమ్ముకున్న ధర 30 కోట్ల డాలర్లు! ముప్పై వేలో వంతు చేతిలో పెట్టారు పాపం. 1993లో నోబెల్ వచ్చింది కాబట్టి సరిపోయింది.

● ఆయనకు పది వేలైనా వచ్చాయి, పీసీఆర్‌కు ఎంజైమునిచ్చిన వేడినీటి గుండానికి పైసా రాలేదు! పీసీఆర్‌లో దాదాపు 95 డిగ్రీల వేడికి చెక్కుచెదరని ఎంజైము కావాలి. అది అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియాది. 1966లో దాన్ని శాస్త్రవేత్త థామస్ బ్రాక్‌తో కలిసి పట్టుకున్న కుర్రాడి పేరు వింటే నవ్వొస్తుంది: హడ్సన్ ఫ్రీజ్. మరిగే నీళ్లలోకి గడ్డకట్టే పేరున్న మనిషి!

● మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఏం చేసిందో తెలుసా? పుల్లను ద్రవంలో ముంచి పంపే పనే మానేయమంది! పొడి పుల్లనే పంపి, ల్యాబులో కాస్త వేడి చేసి నేరుగా పరీక్షించే ఈ పద్ధతికి 2020 నవంబరులో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ అనుమతి వచ్చింది; ఖర్చూ సమయమూ 40 నుంచి 50 శాతం తగ్గుతాయని సీసీఎంబీ లెక్క. వదిలేయడం కూడా ఆవిష్కరణే, చూశారా!

● బెంగాలీ డిటెక్టివ్ పేరుతోనూ ఒక కరోనా పరీక్ష ఉంది! ఢిల్లీ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆ కాగితపు పట్టీ పరీక్షకు సత్యజిత్ రాయ్ సృష్టించిన ఫెలూదా పేరు పెట్టారు.

● 2021 జూన్ దాకా కరోనా టెస్టింగ్ కిట్ మీద జీఎస్టీ 12 శాతం, ఆ తర్వాత కొన్నాళ్లు 5 శాతం. రోగి బిల్లులో మాత్రం సున్నా! వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు మరి.

● అమెరికా సంగతి ఇంకా తమాషా. 2020లో అక్కడి పెద్ద ఆసుపత్రులు తమ వెబ్‌సైట్లలో పెట్టిన కరోనా పరీక్ష ధరలు 20 డాలర్ల నుంచి 850 డాలర్ల దాకా ఉన్నాయి. నలభై రెండు రెట్లు! మన సంతలో వంకాయలకు కూడా ఇంత తేడా చూడలేదు నేను. వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఇంకో మెలిక పెట్టింది: 2021 నుంచి ల్యాబుకు 75 డాలర్లే, రెండు రోజుల్లో రిపోర్టు ఇస్తేనే మరో 25. హోంవర్కు ఆలస్యమైతే మార్కులు కోసినట్టు!

● 2020 మార్చిలో ఉత్తర ఇటలీ నుంచి అమెరికాకు ఒక యుద్ధ రవాణా విమానం వెళ్లింది. ఏం మోసుకెళ్లింది? తుపాకులు కాదు, అయిదు లక్షల ముక్కు పుల్లలు!

● ధర దిగింది కరోనా పరీక్షకే కాదు. డెంగీ ఎలైసా పరీక్షకు 2015లో ఢిల్లీ సర్కారు పెట్టిన గరిష్ఠ ధర రూ. 600. తొమ్మిదేళ్ల తర్వాత, 2024లో, కర్ణాటక పెట్టింది రూ. 300. ఈ తొమ్మిదేళ్లలో సగానికి తగ్గిన వస్తువు ఇంకొకటి చెప్పగలరా? నాకైతే తట్టలేదు.

● ఇక హెచ్ఐవీ పరీక్షకు ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ (కౌన్సెలింగ్, పరీక్షల) కేంద్రంలో మనకయ్యే ఖర్చు అక్షరాలా సున్నా.

● అన్నిటికంటే ఖరీదైన లెక్క చివరకు దాచాను. 2020 మే, జూన్‌లలో చైనాలోని వూహాన్ నగరం దాదాపు 99 లక్షల మందికి పరీక్షలు చేసింది. ఖర్చు 90 కోట్ల యువాన్లు. లక్షణాల్లేకుండా వైరస్ ఉన్నవాళ్లు ఎందరు దొరికారు? మూడు వందల మంది! భాగించి చూడండి, ఒక్కొక్కరికి 30 లక్షల యువాన్లు. మన డబ్బులో మూడు కోట్ల పైచిలుకు. ముక్కు చూపించిన జనం మాత్రం జేబులోంచి ఒక్క యువాన్ తీయలేదు, బిల్లంతా సర్కారుదే!