క్రిస్మసు డిసెంబరు 25వ తేదీననే యేల?

గత సంవత్సరము క్రిస్మసునాడు మా పొరుగింటి క్రైస్తవ సోదరి పళ్లెమునిండ గులాబిపువ్వులును, కజ్జికాయలును దెచ్చి యిచ్చెను. అప్పుడు మా యింట నున్న బంధువొకరు, “ఈ పండుగ మీది కాదమ్మా! రోమకులు సూర్యునికి జేసిన పండుగను మీవారు తెచ్చుకొనిరి” అని నవ్వుచు బలికిరి. ఆమె మాఱు పలుకక, చిఱునవ్వుతో వెడలిపోయెను. ఆయన పెద్దవారగుటచే నేనును నోరు మెదపలేదు. కాని ప్రీతితో దినుబండారము దెచ్చిన యాడుబిడ్డ మన గడపలో నొచ్చుకొనవలసివచ్చెను గదా యని నా మనస్సు చివుక్కుమన్నది. ఆ మాట యెంతవఱకు నిజమో యెఱుగగోరి, నా భర్తగారు తెచ్చియిచ్చిన గ్రంథములను జదివితిని. అందు దెలిసిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాను.

యేసు జననకథను జెప్పిన సువార్తలు మత్తయియు, లూకాయు వ్రాసినవి. ఆ రెంటియందును మాసముగాని దినముగాని లేదు. గొఱ్ఱెలకాపరులు రాత్రివేళ పొలమున మందను గాచుచుండిరని లూకా చెప్పెను. అంతమాత్రమున తేదీని నిర్ణయింప వీలులేదు. తొలి క్రైస్తవులకు ముఖ్యమైనది యేసు మరణ పునరుత్థానములను స్మరించు పండుగయే. క్రీ.శ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమందలి క్లెమెంటు అను పండితుడు, జన్మదినము ఏప్రిలు మాసమున వచ్చుననువారును, మే మాసమున వచ్చుననువారును గలరని వ్రాసెను. తరువాతి తరమున ఓరిజెను అను మఱియొక పండితుడు, జన్మదినోత్సవములు ఫరో, హేరోదు వంటి రాజులకే గాని పుణ్యపురుషులకు దగవని తలచెను.

డిసెంబరు 25 నిస్సందేహముగ మొదట గానవచ్చునది 354వ సంవత్సరమున రోము నగరమున గూర్చబడిన యొక పంచాంగ సంపుటమునందు. అందలి యొక పట్టిక 336వ సంవత్సరము నాటిదని పండితుల యభిప్రాయము. ఆ దినమున యూదయలోని బేత్లెహేమున క్రీస్తు జన్మించెనని అందున్నది. అదే సంపుటమున వేఱొకచోట, ఆ దినమే అజేయుని జన్మదినమనియు నున్నది. ఆ అజేయుడు సూర్యదేవుడని చెప్పుదురు. ఇచ్చటనే వాదము పుట్టినది.

మొదటి వాదము మా బంధువుగారు చెప్పినదే. ఆరేలియను చక్రవర్తి 274లో రోమున సూర్యునకు గొప్ప దేవాలయమును ప్రతిష్ఠించెను. సూర్యుడు ఉత్తరమునకు మరలు దినము డిసెంబరు 25 అని రోమకులు వాడుకగ నెంచుచుండిరి. కావున క్రైస్తవులు ఆ పండుగను దమదిగ జేసికొనిరని యీ పక్షమువారందురు. అయితే ఆ దినమున సూర్యోత్సవము జరుగుచుండెనని చెప్పుటకును ముఖ్యాధారము 354 నాటి యా సంపుటమే. ఎవరు ఎవరినుండి గైకొనిరో దానినిబట్టి తేల్చుట యెట్లు? సాటర్నేలియా యను రోమకుల పండుగ నుండి వచ్చినదని కొందఱందురు గాని, అది డిసెంబరు 17న మొదలై 23తో ముగియునది.

రెండవ వాదమును 1889లో ఫ్రాన్సు దేశపు పండితుడగు లూయి డుషేను ప్రకటించెను. యేసు సిలువనొందిన దినము మార్చి 25 అని 200 ప్రాంతమున టెర్టుల్లియను వ్రాసియుండెను. మహాపురుషుడు గర్భస్థుడైన దినముననే దేహమును విడుచునను నమ్మకము గొందఱికుండుటచే, మార్చి 25 నుండి తొమ్మిది నెలలు లెక్కింపగ డిసెంబరు 25 వచ్చినదని ఈ వాదము. తూర్పుదేశపు క్రైస్తవులలో గొందఱు సిలువదినము ఏప్రిలు 6 అనిరి. దానికి తొమ్మిది నెలలు చేర్చిన జనవరి 6 వచ్చును. ఆర్మీనియా సంఘమువారు నేటికిని ఆ దినముననే పండుగ జరుపుచున్నారు. ఈ వాదమునకును లోపమున్నది. తొమ్మిది నెలల లెక్క స్పష్టముగ గానవచ్చునది పండుగ వెలసిన పిమ్మటి వ్రాతలలోనే. ఐదవ శతాబ్దారంభమున అగస్టీను దానిని బేర్కొనెను. కావున రెండు పక్షములలో ఏదియు బూర్తిగ నెగ్గలేదు.

ఇక తేదీ యెట్లు కదలినదో చూడుడు. జూలియసు సీజరు పంచాంగమున సంవత్సరము సుమారు 11 నిమిషములు ఎక్కువ. ఆ హెచ్చు పేరుకొనగ, 1582లో పదుమూడవ గ్రెగరీ పోపు పది దినములను దీసివేసెను. పాతపంచాంగము ననుసరించు సంఘములకు డిసెంబరు 25 నేడు మనకు జనవరి 7 అగుచున్నది. యుక్రెయిను దేశము 2023లో ఆ తేదీని విడిచి డిసెంబరు 25ను గ్రహించెను.

మన పండుగ మాత్రము కదలలేదా? సూర్యుడు ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. మనము ఉత్తరాయణ పుణ్యకాలమని సంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో జరుపుచున్నాము. నక్షత్రములనుబట్టి గణించుటచే, సుమారు 70 సంవత్సరముల కొక దినము చొప్పున ఎడమగుచున్నది. పదునేడు శతాబ్దములకు పూర్వము ఆ రెండును ఇంచుమించుగ గలిసియుండెను. ఇంతమాత్రమున మన సంక్రాంతి బొంకగునా? గురివిందగింజ తన నలుపు నెఱుగదు గదా!

సంక్రాంతికి అరిసెలు దీసికొని నేనే పొరుగింటికి బోయితిని. నాడు మాటాడకుండుట నా తప్పని చెప్పి, చదివినదంతయు వినిపించితిని. ఆమె శ్రద్ధగ విని, “అక్కగారూ, తేదీ ఎట్లు వచ్చినదో నాకును దెలియదు. మా యమ్మ చేసినది, నేను జేయుచున్నాను. పళ్లెము దెచ్చునపుడు మీ యింట వాదము దలచుకొనలేదు” అనెను. నాకు సిగ్గైనది. తేదీలను శోధించుట మంచిదే, సోదరీమణులారా; ఆ శోధన గుమ్మములో నిలిచిన యాడుబిడ్డను నొప్పించుటకు గాకుండ జూచుకొందము. ఈ యేట ఆమె పళ్లెము మఱల వచ్చినది.