మనుషుల బండి, సరుకుల బండి

అంబాసిడర్ కారు మీలో చాలామందికి తెలుసు. ఒకప్పుడు పెళ్లికొడుకు ఆ కారులోనే వచ్చేవాడు. మంత్రులు, కలెక్టర్లు అందులోనే తిరిగేవారు. బెంగాల్‌లో హిందుస్థాన్ మోటార్స్ అనే కంపెనీ దాన్ని తయారు చేసేది. 2014లో ఆపేసింది.

ఇప్పుడు ఊరూరా తిరిగే చిన్న సరుకు బండి టాటా ఏస్. ఇది 2005లో వచ్చింది. కొందరు దీన్ని ట్రాలీ అంటారు. హిందీలో ఛోటా హాథీ అంటారు. అంటే చిన్న ఏనుగు.

రెండింటికీ నాలుగేసి చక్రాలే. మరి తేడా ఏమిటి?

అంబాసిడర్‌ను మనుషుల కోసం చేశారు. లోపల మెత్తని సీట్లు ఉంటాయి. పైన కప్పు ఉంటుంది. నాలుగు తలుపులు ఉంటాయి. డ్రైవరుతో కలిపి అయిదుగురు కూర్చోవచ్చు.

ఏస్‌ను సరుకు కోసం చేశారు. మొదట వచ్చిన ఏస్‌లో ఇంజను సీటు కిందనే ఉంటుంది. అందుకే బండి చిన్నదైనా వెనక చోటు ఎక్కువ. ఇరుకు సందుల్లోకి కూడా పోతుంది. కూరగాయలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు మోస్తుంది. రైతుకు ఎంతో మేలు చేసే బండి ఇది. కానీ వెనక సీట్లు లేవు. చుట్టూ పొట్టి రేకు పలకలే ఉంటాయి.

అయినా కూలి పనులకు పోయేటప్పుడు ఎంతోమంది ఆడవాళ్లు ఇలాంటి బండి వెనకే ఎక్కుతారు. పిల్లల్ని కూడా ఎక్కించుకుంటారు. ఇందులో ప్రమాదం ఏమిటో చూద్దాం.

మొదటి ఏస్ మోసే బరువు సుమారు ఏడున్నర క్వింటాళ్లు. ఒక్కొక్కరు 50 కిలోలు ఉంటే 15 మందితోనే అది నిండిపోతుంది. 25 మంది ఎక్కితే పన్నెండున్నర క్వింటాళ్లు అవుతుంది. అంత బరువుతో బ్రేకు వేస్తే బండి వెంటనే ఆగదు.

ఇంకో సంగతి. బస్తాలు కింద పడుకుని ఉంటాయి. తాడుతో కట్టేస్తారు. మనుషులు నిలబడతారు. బరువు పైకి పోతుంది. మలుపులో అందరూ ఒక పక్కకు ఒరుగుతారు. బండి కూడా ఒరుగుతుంది. బోల్తా పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కించడం చట్టం ప్రకారం తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం ఇందుకు ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ డబ్బు ఇవ్వనని అనవచ్చు. అప్పుడు ఇంటివాళ్లు కోర్టుల చుట్టూ తిరగాలి.

ప్రతి బండికీ ఆర్.సి. అనే పత్రం ఉంటుంది. అందులో సీట్లు ఎన్నో రాసి ఉంటుంది. పత్రం ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మీరు చదవగలరు. ఏస్ పత్రంలో సీట్లు 2 అని ఉంటుంది. ఒకటి డ్రైవరుకు, ఒకటి పక్కవాడికి. వెనక ఎక్కేవాళ్లకు లెక్కే లేదు.

పొద్దున్నే పనికి పోవాలి, బస్సు రాదు. ఇది నిజమే. ఒక్కరే ఎక్కనంటే ఆ రోజు కూలి పోతుంది. ముఠా అంతా కలిసి అడిగితే మేస్త్రి వినక తప్పదు. పని ఒప్పుకునే ముందు కూలి ఎంత అని అడుగుతారు కదా! అలాగే, ఏ బండి పంపుతావు అని కూడా అడగండి.

బస్తా పగిలితే మళ్లీ కుట్టవచ్చు. మనిషి పోతే తిరిగి రాదు.