సంఘపు లెక్కలు క్లౌడుకు మార్చునపుడు ఏ పద్ధతి మేలు?

ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన చోటల్లా కార్యదర్శులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఇన్‌స్పెక్టరుగారూ, ఆఫీసులోని సర్వరు తీసివేసి లెక్కలన్నీ క్లౌడులో పెట్టుకోమంటున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతి చెబుతున్నారు. మేము ఏది తీసుకోవాలి?" నాకు తెలిసినంతలో దీనికి సమాధానం వ్రాస్తున్నాను.

క్లౌడు అనగా వేరొకరి భవనంలోని యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకొనుటయే. అటువంటి భవనాలు మనకు దూరమేమీ కాదు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులోనే తన క్లౌడు కేంద్రాలను ప్రారంభించింది. అమెరికా ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఈ సేవలు మూడు విధాలు. కొటేషన్లలో ఐఏఏఎస్, పీఏఏఎస్, ఎస్ఏఏఎస్ అని కనిపించేవి ఇవే.

మొదటిది, ఐఏఏఎస్, పశువుల కొట్టం అద్దెకు తీసుకున్నట్లు. కొట్టం, నీరు, కరెంటు వారివి. పశువులు, మేత, పాలు పితుకుట మనవి. అంటే యంత్రం, డిస్కు వారు చూస్తారు. విండోస్ లేక లినక్స్‌కు భద్రతా మార్పులు ఎప్పటికప్పుడు వేయుట, డేటాబేసు, ప్రోగ్రాము మన బాధ్యత.

రెండవది, పీఏఏఎస్, శీతలీకరణ కేంద్రానికి పాలు పంపినట్లు. చల్లబరిచే యంత్రం, దాని మరమ్మతు వారి పని. మన ప్రోగ్రాము, మన డేటా మాత్రమే మనం ఇస్తాము.

మూడవది, ఎస్ఏఏఎస్, ప్యాకెట్టు పాలు కొన్నట్లు. తయారైనది వాడుకొనుటయే. అయితే వెన్న శాతం మన ఇష్టప్రకారం మార్చమంటే కుదరదు.

ముందుగా సంఘంలోను, యూనియన్‌లోను కంప్యూటరు మీద నడిచే పనులన్నీ ఒక కాగితం మీద వ్రాసుకొనవలెను. అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు. జమాఖర్చులు, జీతాలు, సరుకు నిల్వ ఎక్కడైనా ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి కనుక మూడవ పద్ధతి చాలును. యూనియన్ ప్రత్యేకంగా వ్రాయించుకున్న ప్రోగ్రాము ఉండి, దానిని మార్చగల మనిషి అందుబాటులో ఉంటే రెండవది మేలు. వ్రాసినవారు వెళ్ళిపోయి, ఎవరూ ముట్టుకోలేని పాత ప్రోగ్రాము అయితే మొదటి పద్ధతిలో ఉన్నది ఉన్నట్లు తరలించవచ్చును. కాని దాని సంరక్షణ భారం మన మీదనే ఉంటుంది.

పాల సేకరణ మాత్రం పూర్తిగా క్లౌడు మీద ఆధారపడరాదు. తెల్లవారుజామున నెట్ పోయినా క్యాన్లతో నిలబడ్డ రైతులు ఆగరు. తూకం, వెన్న పరీక్ష, చీటీ కేంద్రంలోని కంప్యూటరులోనే జరిగి, నెట్ వచ్చిన తరువాత లెక్కలు పైకి పోవలెను.

నేను తనిఖీ చేసిన ఒక సంఘం తన లెక్కలను మొదటి పద్ధతిలో మార్చింది. డేటా నకలు అద్దెకిచ్చినవారే తీస్తారని పాలకవర్గం అనుకున్నది. ఒప్పందంలో ఆ మాట లేదు. ఒకనాడు పొరపాటున డేటా చెరిగిపోయింది. 15 రోజుల బిల్లు తిరిగి వ్రాయుటకు రైతుల చేతిలోని చీటీలే ఆధారమయ్యాయి. చీటీలు పారేసుకున్న ఒక వృద్ధురాలు రెండు గేదెల పాల డబ్బు కోసం మూడుసార్లు ఆఫీసుకు తిరిగింది.

పెద్ద సంస్థలకూ ఇటువంటి నష్టం తప్పలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ భవనం కాలిపోగా, వేరొక చోట నకలు లేని ఖాతాదారులు కొందరు డేటాను శాశ్వతంగా పోగొట్టుకున్నారు. సభ్యుల బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరి యంత్రంలో ఉన్నా, వాటికి జవాబుదారీ ఆ వివరాలు సేకరించిన సంస్థదేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సారాంశం.

కావున కొటేషను ఒప్పుకొనుటకు ముందు ఈ నాలుగు సంగతులు వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను:

1. నకలు ఎవరు, ఎన్ని రోజులకొకసారి తీస్తారు? ఎక్కడ ఉంచుతారు?
2. భద్రతా మార్పులు ఎవరు వేస్తారు?
3. వాడకం పెరిగితే అద్దె ఎంత పెరుగుతుంది?
4. మానుకున్నపుడు మన డేటా ఏ రూపంలో తిరిగి ఇస్తారు?

వీటిని పాలకవర్గ సమావేశంలో చర్చించి తీర్మానం పుస్తకంలో వ్రాయించవలసినదిగా మనవి. ఈసారి తనిఖీకి వచ్చినపుడు నగదు పుస్తకంతో పాటు, ఆ నకలులో నుండి ఒక సభ్యుని ఖాతా తెరిచి చూపమని అడుగుతాను.