సెకండ్ హ్యాండ్ కారులో లోపం – కొనుగోలుదారుని హక్కులు: కొత్తగూడెం ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం

పాత కారు కొన్న తరువాత లోపం బయటపడితే కొనుగోలుదారునికి చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతానికి కేంద్రమైన కొత్తగూడెంను నేపథ్యంగా తీసుకొని, భారత ఒప్పందాల చట్టం (1872), వస్తు విక్రయ చట్టం (1930), మోటారు వాహనాల చట్టం (1988), వినియోగదారుల రక్షణ చట్టం (2019) ఈ సమస్యకు ఎలా వర్తిస్తాయో పరిశీలిస్తుంది. అమ్మినవారెవరు, ఏమని చెప్పి అమ్మారు, ఆ మాటకు మిగిలిన ఆధారమేమిటి అనే మూడు ప్రశ్నలే ఇటువంటి వివాదాల ఫలితాన్ని నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వినియోగదారుడు, సెకండ్ హ్యాండ్ కారు, ఆటో కన్సల్టెన్సీ, లోపం, అనుచిత వ్యాపార పద్ధతి, జిల్లా కమిషన్, సింగరేణి

1. ఉపోద్ఘాతం

సింగరేణి కాలరీస్ కంపెనీ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఇల్లందు, మణుగూరు మొదలుకొని గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వరకు విస్తరించిన ఈ గనుల ప్రాంతంలో కుటుంబాల ఆర్థిక జీవితానికి ఒక ప్రత్యేకమైన లయ ఉంది. జీతం నెలనెలా వచ్చినా, పెద్ద ఖర్చులు సంస్థ లాభాలలో కార్మికులకు ఇచ్చే వాటా కోసం, దీపావళి బోనస్ కోసం ఎదురుచూస్తాయి. 2023–24 ఆర్థిక సంవత్సరపు లాభాలలో 33 శాతంగా 796 కోట్ల రూపాయలను కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి సుమారు 1.90 లక్షల రూపాయలు అందాయి. ఈ మొత్తం కొత్త కారు ధరకు చాలదు. పాత కారుకు మాత్రం మంచి అడ్వాన్సు అవుతుంది, ఒక్కోసారి పూర్తి ధరకే సరిపోతుంది. కనుక అలా కొన్న కారు నెల తిరగకముందే షెడ్డుకు చేరితే, ఆ కుటుంబం కోల్పోయేది ఒక ఏడాది పొదుపు.

ఈ ప్రాంతపు కొనుగోలుదారునికి ఇటీవల మరొక ప్రమాదం కూడా తోడైంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మున్నేరు పొంగి ఖమ్మంను, బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తాయి. ఇళ్లతోపాటు వాహనాలూ నీట మునిగాయి. మునిగిన కారును ఆరబెట్టి, సీట్లు మార్చి, రంగు వేయిస్తే కంటికి ఏ తేడా కనిపించదు. వైరింగులో, సెన్సార్లలో, ఎయిర్‌బ్యాగు కనెక్షన్లలో చేరిన తుప్పు నెలల తరువాత గానీ బయటపడదు. అప్పటికి ఆ కారు రెండు చేతులు మారి ఉండవచ్చు.

2. తెలిసిన అమ్మకందారుడు, తెలియని కొనుగోలుదారుడు

పాత కార్ల మార్కెట్‌ను అర్థశాస్త్రం ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసానికి ఆధారం ఈ మార్కెట్టే. కారు లోగుట్టు అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియదు. ఏది మంచి కారో తేల్చుకోలేని కొనుగోలుదారుడు అన్నింటికీ మధ్యస్థపు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడానికి ఇష్టపడడు, కనుక మార్కెట్‌లో నాసిరకం కార్లే మిగులుతాయి. సమాచార అసమానతపై చేసిన ఈ కృషికి ఆయన 2001లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నారు.

మీటరు వెనక్కి తిప్పడం, ప్రమాదానికి గురైన కారుకు టింకరింగ్, పెయింటింగ్ చేయించి ‘నాన్ యాక్సిడెంట్’ అనడం, ఫైనాన్స్ బాకీని దాచడం – ఇవన్నీ ఈ అసమానతను సొమ్ము చేసుకునే మార్గాలే. చట్టం చేయగలిగింది ఈ అసమానతను కొంత తగ్గించడం, దానిని దుర్వినియోగం చేసినవారిపై బాధ్యత మోపడం.

3. అమ్మినవారెవరు?

3.1 ఆటో కన్సల్టెన్సీ

తెలుగు పట్టణాలలో పాత కార్లు అమ్మే దుకాణాన్ని సాధారణంగా ‘ఆటో కన్సల్టెన్సీ’ అంటారు. ఈ పేరులోనే ఒక చిక్కు ఉంది. కారు చెడిపోయిందని కొనుగోలుదారుడు వెళ్లి అడిగితే, “కారు మాది కాదు, మేము మధ్యవర్తులం మాత్రమే” అనే సమాధానం రావచ్చు. చట్టం దృష్టిలో ఈ మాటతో బాధ్యత తీరిపోదు. కారును తానే కొని అమ్మితే ఆ కన్సల్టెన్సీ వ్యాపారి అవుతుంది. కమీషన్ తీసుకొని బేరం కుదిర్చితే సేవ అందించినట్లవుతుంది, ఆ సేవలోని లోపానికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

కేంద్ర మోటారు వాహనాల నియమావళికి 2022 డిసెంబరులో చేసిన సవరణ ఈ విషయంలో ముఖ్యమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ నియమాల (55ఎ నుండి 55హెచ్ వరకు) ప్రకారం పాత వాహనాల డీలరు రిజిస్టరింగ్ అధికారి నుండి అధికార పత్రం పొందాలి. యజమాని తన వాహనాన్ని డీలరుకు అప్పగించినప్పుడు ఆ విషయాన్ని ఫారం 29సిలో తెలియజేయాలి. అలా తెలియజేసిన తరువాత ఆ వాహనానికి డీలరునే యజమానిగా భావిస్తారు. కనుక కన్సల్టెన్సీలో కారు చూడబోయేవారు మొదట అడగవలసినది అధికార పత్రం గురించే.

3.2 తోటి ఉద్యోగి

గనుల ప్రాంతంలో కారు తోటి ఉద్యోగి చేతి నుండి మారడమూ మామూలే. పదవీ విరమణ చేసి సొంతూరికి వెళ్లేవారు, బదిలీ అయినవారు తెలిసినవారికే అమ్ముతారు. ఇక్కడ నమ్మకం ఎక్కువ, చట్టరక్షణ తక్కువ. వ్యాపారంగా కాక తన సొంత కారును ఒక్కసారి అమ్మిన వ్యక్తి ‘వ్యాపారి’ నిర్వచనంలోకి రాడు. అతనిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం సాధారణంగా ఫలించదు. అప్పుడు ఒప్పందాల చట్టం, వస్తు విక్రయ చట్టం ఆధారంగా సివిల్ కోర్టును ఆశ్రయించాలి. ఉద్దేశపూర్వకంగా మోసం చేసినట్లు ఆధారముంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

3.3 కొన్నవారెవరు?

తిరిగి అమ్మడానికి గాని, వాణిజ్య ప్రయోజనానికి గాని కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి కొని, తానే నడుపుకొనేవారికి మినహాయింపు ఉంది. పాత కారు కొని దానిని తానే టాక్సీగా నడుపుకొనే యువకుడు వినియోగదారుడే. పూర్తిగా ఇతరులతో నడిపించడానికి కారు కొన్నవాడు కాడు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో స్పష్టపరిచింది.

4. ఏమని చెప్పి అమ్మారు?

పదేళ్ల కారులో క్లచ్ ప్లేట్లు అరగడం, టైర్లు నునుపెక్కడం సహజం. అరుగుదల అంతా లోపం కాదు. మరి లోపమంటే ఏమిటి? 2019 చట్టం ప్రకారం, చట్టం గాని ఒప్పందం గాని కోరే నాణ్యతా ప్రమాణానికి తక్కువైనదే కాక, వ్యాపారి ఏ విధంగానైనా చెప్పిన ప్రమాణానికి తక్కువైనదీ లోపమే. పాత కారు కొన్నవారికి ఈ నిర్వచనంలో అత్యంత విలువైన భాగం ఈ చివరిదే. “సింగిల్ ఓనర్, 40 వేల కిలోమీటర్లు, ఇంజన్ విప్పలేదు” అని వాట్సాప్‌లో పంపిన సందేశమే ఆ కారుకు కొలబద్ద అవుతుంది. సర్వీస్ రికార్డులో లక్ష కిలోమీటర్లు కనిపిస్తే, ఆ కారు ఎంత సాఫీగా నడిచినా, చెప్పిన ప్రమాణానికి తక్కువైనదే.

అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలోని మూడు అంశాలు కూడా ఇక్కడ పనికివస్తాయి. పాత లేదా మరమ్మతు చేసిన వస్తువును కొత్తదని చెప్పడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులో (గడువు పేర్కొననప్పుడు 30 రోజులలో) వెనక్కి తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం – ఈ మూడూ అనుచిత పద్ధతులే.

మరి అమ్మినవాడు అబద్ధం చెప్పక, మౌనంగా ఊరుకుంటే? దీనికి సమాధానం 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణలలో దొరుకుతుంది. అక్కడి వస్తువు కారు కాదు, గుర్రం. గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ యజమాని వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. కాని కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందని అనుకుంటాను” అన్నప్పుడు అమ్మేవాడు మౌనం వహిస్తే, ఆ మౌనం మాటతో సమానం. కొనేది సొంత కూతురైతే, ఆ బంధుత్వం వల్లనే నిజం చెప్పవలసిన బాధ్యత తండ్రిపై ఉంటుంది.

నేటి కొనుగోలుదారునికి ఈ ఉదాహరణ చెప్పే పాఠం సూటిగా ఉంది. అడగని ప్రశ్నకు చట్టం జవాబు రాబట్టదు. “ఈ కారు వరదలో మునిగిందా? పెద్ద ప్రమాదం జరిగిందా? ఫైనాన్స్ ఉందా? లేవని భావించే కొంటున్నాను” అని ఒక్క సందేశం పంపితే, అమ్మేవాని మౌనానికి కూడా చట్టపరమైన విలువ వస్తుంది.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతుపై సంతకం చేసినవారి సంగతేమిటి? వస్తు విక్రయ చట్టం ప్రకారం, స్పష్టమైన ఒప్పందంతో అంతర్గత హామీలను తొలగించుకోవచ్చు. కొనుగోలుదారుడు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనిపించవలసిన లోపాలకు నాణ్యత హామీ వర్తించదు. అయితే ఈ షరతు మోసానికి కవచం కాదు. మీటరు తిప్పినవాడు ఈ వాక్యం వెనుక దాక్కోలేడు.

5. ఆధారం, గడువు, ఫిర్యాదు

లోపాన్ని నిరూపించే బాధ్యత మొదట ఫిర్యాదిదే. కనుక లోపం కనిపించగానే కారును విప్పించి బాగు చేయించడం తొందరపాటు అవుతుంది. ముందుగా అధీకృత సర్వీస్ సెంటరులో గాని, అర్హత గల మెకానిక్ వద్ద గాని రాతపూర్వక నివేదిక తీసుకోవాలి, ఫోటోలు దాచుకోవాలి. అమ్మినవారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. అభ్యంతరం చెప్పకుండా కారును చాలాకాలం వాడుకుంటే, ఆ కారును అంగీకరించినట్లే వస్తు విక్రయ చట్టం భావిస్తుంది.

ఫిర్యాదు ప్రక్రియలో తెలుసుకోవలసిన అంశాలు ఇవి:

• చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కు విచారణాధికారం ఉంది. ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు.

• ఫిర్యాది నివసించే చోట లేదా పని చేసే చోట అధికారం గల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్‌లో కారు కొన్న కొత్తగూడెం ఉద్యోగి హైదరాబాద్ చుట్టూ తిరగనవసరం లేదు.

• వివాద కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు.

• ఎదుటి పక్షం 30 రోజులలో జవాబివ్వాలి. మరో 15 రోజులకు మించి గడువు పొడిగించే వీలు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

• పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ వస్తువును తగిన ప్రయోగశాల పరీక్షకు పంపవచ్చు. మరమ్మతు చేయించాలని, ధర తిరిగి ఇవ్వాలని, నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించవచ్చు. ఆదేశాన్ని ధిక్కరిస్తే నెల నుండి మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే అధికారమూ ఉంది.

ఎవరిపై ఫిర్యాదు చేయాలన్నదీ జాగ్రత్తగా నిర్ణయించుకోవాలి. వాడిన పాత మోడల్ కారును కొత్తదిగా డీలరు అమ్మిన ఒక గోవా కేసులో, తయారీదారుకు తెలిసినట్లు నిరూపించనిదే డీలరు చేసిన పనికి తయారీ సంస్థ బాధ్యత వహించదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

6. కాగితాలలోని లోపం

ఇంజన్ బాగున్నా కాగితాలు చెడ్డవైతే కారు నిరుపయోగమే. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే బాకీ తీరినట్లు ఫారం 35, ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకోవాలి. రాష్ట్రంలోపల అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో యాజమాన్య మార్పును రవాణా శాఖకు తెలియజేయాలి. కేవలం సేల్ లెటర్ రాసుకొని ఊరుకుంటే నష్టం ఇద్దరికీ. పేరు మారని కారు ప్రమాదం చేస్తే, పరిహారం చెల్లించవలసినది రికార్డులోని యజమానే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నాలుగు చేతులు మారిన కారుకు సైతం మొదటి యజమానే బాధ్యుడైన కేసు అది.

బీమా విషయంలోనూ జాగ్రత్త అవసరం. థర్డ్ పార్టీ రక్షణ కారుతోపాటే కొత్త యజమానికి సంక్రమిస్తుంది. సొంత కారు నష్టానికి రక్షణ మాత్రం పాలసీని 14 రోజులలో తన పేర మార్పించుకుంటేనే నిలుస్తుంది. పాత పాలసీ మరో విధంగానూ ఉపయోగపడుతుంది. ఒకే యజమాని చేతిలో ఐదారేళ్లున్న కారుకు నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే, ఇటీవల క్లెయిమ్ జరిగి ఉండవచ్చని అనుమానించి ఆరా తీయాలి. వరద ముంపు గుర్తులు ఒక్కోసారి బానెట్ కింద కంటే ఇక్కడే ముందు కనిపిస్తాయి.

7. ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వ్యాపారి అమ్మిన పాత కారుకూ వర్తిస్తుంది. లోపమున్న కారును 30 రోజులలో తిరస్కరించవచ్చు. మరమ్మతు కోరినప్పుడు, ఆరు నెలలలోపు బయటపడిన లోపం అమ్మకం నాటికే ఉన్నట్లు భావిస్తారు, కాదని నిరూపించే భారం వ్యాపారిదే. అమెరికాలో డీలరు ప్రతి పాత కారు అద్దానికీ వారంటీ ఉన్నదీ లేనిదీ తెలిపే పత్రం అతికించాలి. భారతదేశంలో పాత కార్లకు ఇటువంటి ప్రత్యేక చట్టం లేదు. నిరూపణ భారం కొనుగోలుదారునిపైనే ఉండడం మన చట్టంలోని ప్రధానమైన కొరత.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కన్సల్టెన్సీ వద్ద కొన్నవారికి వినియోగదారుల కమిషన్, తోటి ఉద్యోగి వద్ద కొన్నవారికి సివిల్ కోర్టు సాధారణ మార్గాలు. బేరానికి ముందే ఈ తేడా తెలిసి ఉండాలి.

2. కారు గురించి వ్యాపారి చెప్పిన మాటే చట్టం దృష్టిలో దాని ప్రమాణం. ఆ మాట రాతలో ఉంటేనే హక్కు నిలుస్తుంది.

3. అడిగిన ప్రశ్న మౌనాన్ని కూడా సాక్ష్యంగా మారుస్తుంది. అడగకపోతే ఆ మౌనం అమ్మినవానికే మేలు చేస్తుంది.

4. లోపం బయటపడిన తరువాత తొలి కొద్ది రోజులలో తీసుకున్న నివేదిక, పంపిన నోటీసు తదుపరి వాదనకు పునాది అవుతాయి.

5. అమ్మకం తరువాత కొద్ది నెలలలో బయటపడిన లోపానికి నిరూపణ భారాన్ని డీలరుపై ఉంచేలా చట్టాన్ని సవరించడం అవసరం.

భూగర్భంలో కష్టించిన ఏడాది ఫలితాన్ని ఒక కారు తాళంచెవి కోసం చెల్లించేముందు, ఒక బిల్లు, ఒక ప్రశ్న, ఒక రాతపూర్వక జవాబు తీసుకోవడానికి పట్టేది గంటసేపు. చట్టం ఇచ్చిన హక్కు కమిషన్ ముందు నిలబడేది ఆ గంటలో పోగైన కాగితాల బలంతోనే.