తుంగభద్ర ఒడిలో... విజయనగర వైభవం
కాల్వలే ఊపిరిగా బతికిన రాజధాని

కర్నూలు: జిల్లా ప్రజలకు తుంగభద్ర పరిచయం అక్కరలేని నది. మంత్రాలయంలో భక్తుల పుణ్యస్నానాలకు ఆధారమై, సుంకేసుల వద్ద కేసీ కాల్వకు నీరందించే ఈ నదే ఎగువన కర్ణాటకలోని హంపీ వద్ద రెండు శతాబ్దాలకు పైగా ఒక మహానగరాన్ని పోషించింది. 1336లో హరిహర, బుక్కరాయ సోదరులు స్థాపించిన విజయనగర రాజ్యానికి అక్కడే రాజధాని వెలసింది. ఎటు చూసినా రాతిగుట్టలు, అంతంతమాత్రపు వానలు... అటువంటి చోట అంతటి నగరం నిలదొక్కుకోవడానికి నదీజలాలను మళ్లించుకున్న నేర్పే ప్రధాన కారణం.

పెట్టని కోట
ఉత్తరాన బహమనీ సుల్తానులతో విజయనగరానికి నిత్యం వైరమే. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కోసం ఎన్నో యుద్ధాలు జరిగాయి. నగరానికి ఉత్తర దిశలో బండల మధ్య ఉరకలెత్తే తుంగభద్ర శత్రుసేనలకు సహజమైన అడ్డుగోడగా నిలిచింది. అవతలి గట్టున ఉన్న ఆనెగొందికి ప్రజలు పుట్టిలలో రాకపోకలు సాగించేవారు. తోలు కప్పిన ఆ గుండ్రని పుట్టిలలో పదిహేను ఇరవై మంది ఎక్కేవారనీ, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను సైతం దాటించేవారనీ శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ పేర్కొన్నాడు.

నదికి ఆ ప్రాంతంలో పంపా అన్న పేరూ ఉంది. కన్నడంలో ఆ పేరే హంపీగా మారింది. విరూపాక్ష, విఠల ఆలయాలు నదీతీరానికి చేరువలోనే వెలిశాయి.

రాళ్ల నడుమ పచ్చని పైరు
నదికి అడ్డంగా బండరాళ్లతో ఆనకట్టలు కట్టి, నీటిమట్టం పెంచి కాల్వల్లోకి మళ్లించడం నాటి విధానం. పల్లం చూసుకుని తవ్వినందున నీరు తనంతట తానే పారేది. వీటిలో ప్రసిద్ధమైన తుర్తు కాల్వ నదీతీర ఆలయాలకు, రాజప్రాసాదాలకు మధ్యనున్న లోయ గుండా సాగుతుంది. ఫలితంగా నగరం నడిబొడ్డునే వరి, చెరకు, అరటి పండించే వీలు కలిగింది. ముట్టడి ఎదురైనా తిండిగింజలు కోట పరిధిలోనే దొరికేవి. రాయ కాల్వ నీటితో కమలాపురం చెరువు నిండేది. రాతి స్తంభాలపై అమర్చిన తొట్టి కాల్వల ద్వారా రాజప్రాసాదాల ఆవరణలోని కోనేళ్లకు, స్నానఘట్టాలకు నీరు చేరేది.

రాజ్యం పోయినా...
1565లో తళ్లికోట యుద్ధంలో పరాజయంతో రాజధాని పాడుబడింది. ప్రాసాదాలు కూలాయి, బజార్లు మూగబోయాయి. కాల్వలు మాత్రం మిగిలాయి. 1953లో తుంగభద్ర జలాశయం ఏర్పడ్డాక రాయ, బసవన్న కాల్వలకు అక్కడి నుంచే నీరు అందుతోంది. తుర్తు కాల్వ కింద నేటికీ అరటి తోటలు కళకళలాడుతున్నాయి.

ఆ జలాశయమే నేడు రాయలసీమ ఆయకట్టుకూ ఆధారం. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నిల్వనీరు వృథాగా దిగువకు పోతుంటే సీమ రైతులు తల్లడిల్లారు. తాత్కాలిక గేటు అమర్చే వరకు వారికి కునుకు లేదు. నది ఎంత నీరు తెచ్చినా, దానిని నిలిపే కట్టడాలను కాపాడుకున్నప్పుడే అది మనకు దక్కుతుంది. వందల ఏళ్లుగా పారుతున్న విజయనగర కాల్వలు చెబుతున్న పాఠమిదే.